ఇంజినీరు గారి పరిస్థితి

ఆ దినపత్రికలో ఆమెను అందరూ కామా అనే పిలిచేవారు. వాక్యానికి ఊపిరాడాలని ఆమె పట్టుదల. అందుకని నాలుగు మాటలకొక కామా పెట్టుకుంటూ పోయేది. ప్రూఫులు చూసేవాళ్లు వాటిని పేలు ఏరినట్టు ఏరి పారేసేవారు. మర్నాడు ఆమె మళ్లీ పెట్టేది. ఈ విధంగా ఇరుపక్షాలకూ చేతినిండా పని ఉండేది.

ఆమె ఉద్యోగం డెస్కులో. ఏజెన్సీ పంపే ఇంగ్లీషు వార్తలను మన మాటల్లోకి దించి, ఆరో పేజీలో ఎంత చోటుంటే అంతకు కుదించాలి. మొదట్లో ఆ పని కష్టంగా ఉండేది. తర్వాత అలవాటైంది. చేయి తిరిగిన వంటమనిషి కూరలో ఉప్పు చూసుకోకుండా వేసినట్టు, ఆమె కూడా కొన్ని మాటలను చూసుకోకుండానే వేసేసేది.

ఆ మంగళవారం సాయంత్రం ఒకే ఇంగ్లీషు మాట పదే పదే ఆమె బల్ల మీదికి వచ్చింది. క్రిటికల్. మొదటిసారి అది ఒక సినిమా వార్తలో వచ్చింది. ‘విమర్శకుల ప్రశంసలు’ అని రాసింది. తర్వాత బ్యాటరీల్లో వాడే ఖనిజాల వార్తలో వచ్చింది; ‘కీలక ఖనిజాలు’ అంది. ఆ తర్వాత లారీ గుద్దిన ఒక స్కూటరు మనిషి గురించి వచ్చింది; ‘పరిస్థితి విషమం’ అని రాసి, పాపం అనుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. న్యూస్ ఎడిటర్ అటుగా పోతూ స్క్రీన్ మీదికి తొంగిచూసి ఏమీ అనలేదు. ఆయన మెచ్చుకునే పద్ధతి అదే.

ఆ వెంటనే వచ్చిన వార్తకు పేజీలో మిగిలిన చోటు కాస్తంతే. నది మీది వంతెనకు కొత్త దీపాలు పెట్టారు. వాటిని చూసి వచ్చిన తర్వాత, ఒకప్పుడు ఆ వంతెనను చూసుకున్న మాజీ చీఫ్ ఇంజినీరు క్రిటికల్. కింద ఇంకా చాలా ఉంది కానీ, పట్టని వార్తను చదవడమెందుకని ఆమె కిందికి జరపలేదు. స్కూటరు మనిషి మీది జాలి ఇంకా చేతిలోనే ఉంది. ‘కొత్త దీపాలతో ముస్తాబైన వంతెనను చూసి వచ్చిన మాజీ చీఫ్ ఇంజినీరు పరిస్థితి, విషమంగా ఉంది’ అని కొట్టేసింది.

ప్రూఫులో ఆ కామా తీసేశారు. మిగతాదంతా ఉంచారు.

మర్నాడు పొద్దున్న ఆమె కూతురికి ఒక జడ వేసి రెండోదానికి పాయలు తీస్తుండగా ఫోన్ మోగింది. న్యూస్ ఎడిటర్.

“నీ ఇంజినీరు బతికే ఉన్నాడు,” అన్నాడు.

“ఏ ఇంజినీరు సార్?”

“నిన్న నువ్వు మంచాన పడేసినాయన. ఇప్పుడే ఫోన్ చేశాడు. గొంతు గంటలా ఉంది. ఆయన క్రిటికల్ అంటే విమర్శించాడని తల్లీ. నువ్వు ఆస్పత్రికి పంపావు.”

కామా చేతిలోని పాయలు వదిలేసింది.

“అమ్మా, జడ,” అంది కూతురు.

“సార్, నేను...”

“బాధపడకు. పోయినేడు మన డెస్కులోనే ఒకాయన, అణు రియాక్టర్ క్రిటికల్ అయిందని ఏజెన్సీ పంపితే దాని పరిస్థితీ విషమమనే రాశాడు. అంటే అది పని మొదలుపెట్టిందటమ్మా. పండగ చేసుకోవాల్సినవాళ్లు ఫోన్ చేసి తిట్టారు. సవరణ రేపు వేద్దాం. ముందు నువ్వు వెళ్లి ఆయన కాళ్లో చేతులో పట్టుకో.”

“నేను డెస్కు మనిషిని సార్. ఇళ్లకి వెళ్లడం నాకు తెలీదు.”

“తలుపు కొట్టు. తీస్తారు,” అని పెట్టేశాడు.

కూతురు ఒక జడతో, ఒక పోనీతో బడికి వెళ్లింది. కామా దారిలో బత్తాయిలు కొంది. కొన్నాక, జబ్బు లేని మనిషికి బత్తాయిలేమిటని అనుమానం వచ్చింది. ఖాళీ చేతులతో వెళ్లడం ఇంకా అన్యాయంగా తోచి, సంచీని కాస్త వెనక్కి దాచి పట్టుకుని నడిచింది.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వీధిలో ఆ ఒక్క ఇంటి ముందే స్కూటర్లు బారులు తీరి ఉన్నాయి. గేటు దగ్గర నలుగురైదుగురు గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఒకాయన పూలగుత్తి పట్టుకుని, దాన్ని నిలువుగా పట్టుకోవాలా వాల్చి పట్టుకోవాలా తేలక సతమతమవుతున్నాడు. తలుపు తీసిన పెద్దావిడ ఇంజినీరు గారి భార్య. ఆమె కామాను, బత్తాయిలను చూసి, “లోపల పెట్టమ్మా, బల్ల నిండిపోయింది, కింద పెట్టు,” అంది అలిసిపోయిన గొంతుతో.

“నేను పేపర్ నుంచి వచ్చానండీ. అది రాసింది నేనే.”

పెద్దావిడ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. “అయితే మంచినీళ్లు తాగి వెళ్లు లోపలికి. ఆయన దగ్గర తాగడానికి టైమ్ దొరకదు.”

ఇంజినీరు గారు ముందుగదిలో కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. పేపరు మడత పెట్టి ఒళ్లో ఉంది. ‘విషమంగా’ కింద ఎర్ర పెన్సిల్‌తో గీత. సన్నగా, పొడుగ్గా, జబ్బు ఆనవాలన్నది లేకుండా ఉన్నారు. కామా క్షమించమంది. ఆయన ఓపిగ్గా విన్నారు.

“క్షమాపణ సరే. నేను వంతెన గురించి ఏమన్నానో చదివారా?”

“లేదు సార్. చోటు...”

“చోటు లేదు. నన్ను చంపడానికి మాత్రం ఉంది.”

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. వంతెన స్తంభాల మీద దూలాలు కూర్చునే చోట రబ్బరు దిండ్లలాంటివి ఉంటాయి, వాటిని బేరింగులంటారు. బరువు పడ్డప్పుడు, ఎండకు దూలం సాగినప్పుడు కాస్త అటూ ఇటూ కదలనిచ్చేవి అవే. అవి ఎప్పుడో గట్టిపడి, పగిలి ఉంటాయని ఆయన అనుమానం. కింద వాటిని మార్చకుండా పైన దీపాలు పెట్టడమేమిటని విలేకరితో అన్నారు. ఇంతే. ఈలోగా ఇంకో ఇద్దరు లోపలికి వచ్చి, ఆయన కూర్చుని మాట్లాడటం చూసి, ‘దీపం ఆరేముందు ఇలాగే ఉంటుంది’ అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఇంజినీరు గారు ఆ చూపు పట్టేశారు. “చూడమ్మాయ్, ఇక్కడ నాకేం పని లేదు మీతో. వెళ్లి గేటు దగ్గర నిలబడండి. వచ్చినవాళ్లకి చెప్పండి. అచ్చులో అన్నది మీరు, నోటితో వెనక్కి తీసుకోవలసిందీ మీరే.”

అలా కామా గేటు దగ్గర నిలబడింది. మొదట వచ్చినవాళ్లకు నీళ్లు నములుతూ చెప్పింది. పోనుపోను నోరు తిరిగింది. “క్రిటికల్ అంటే రెండర్థాలండీ. ఒకటి ఆస్పత్రిది. ఇంకోటి తప్పుపట్టడం. ఆయనది రెండోది. ఒంట్లో బాగానే ఉంది.”

విన్నవాళ్లెవరూ ఆమె ఆశించినంత సంతోషించలేదు. పూలగుత్తి ఆయన, “మరి ఇవేం చేయను?” అని అడిగాడు. పక్క వీధి మాస్టారు, “నేను సెలవు పెట్టి వచ్చానే!” అన్నాడు, ఎవరో మోసం చేసినట్టు. ఇంకొకాయన బాగా ఆలోచించి, “ఇవాళ విషమం కాదు, సరే. రేపటి సంగతి?” అన్నాడు. తప్పుపట్టారనే అర్థం చెప్పగానే మాత్రం, ఆయనతో పనిచేసిన ప్రతివాళ్లూ, “ఆ, అదైతే నిజమే అయ్యుంటుంది,” అని వెంటనే నమ్మేశారు.

మధ్యాహ్నం కావస్తుండగా ఒకావిడ ఆటో దిగి, బ్యాగు ఈడ్చుకుంటూ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ గేటు తోసుకుని వచ్చింది.

“అమ్మా, ఆయన బాగానే ఉన్నారు, క్రిటికల్ అంటే...”

“అందరూ అలాగే అంటారు. తప్పుకో!”

ఆమె ఇంజినీరు గారి చెల్లెలు. నది అవతల పక్క ఊళ్లో ఉంటుంది. అన్నాచెల్లెళ్లకు ఏళ్ల తరబడి మాటల్లేవు. కొత్తగా కట్టుకున్న ఇల్లు చూడమని ఆమె పిలిస్తే, ఆయన వెళ్లి, వచ్చిన చుట్టాలందరి ముందూ మెట్లెక్కి దిగి, “ఈ మెట్లు కట్టిన మొద్దు ఎవడు?” అన్నారు. కట్టింది ఆమె భర్త. ఆ రోజు నుంచి రాకపోకలు లేవు.

ఆమె దడాలున తలుపు తోసుకుని లోపలికి పోయింది. వెనకే కామా కూడా పోయింది.

“తలుపు మెల్లగా. బందులు ఊడతాయి,” అన్నారు ఇంజినీరు గారు. అన్ని ఏళ్ల తర్వాత చెల్లెలితో ఆయన అన్న మొదటి మాట అది.

చెల్లెలు ఎదుటి కుర్చీలో కూలబడి భోరుమంది. ఏడుస్తూనే అన్నను ఎగాదిగా చూసింది. చూసేకొద్దీ ఏడుపు తగ్గి కోపం పెరిగింది.

“నీకేం కాలేదా?”

“లేదు.”

“అసలేం కాలేదా? పొద్దున్న పేపర్ చూసి చేతికందినవి బ్యాగులో కుక్కుకుని పరిగెత్తుకొచ్చా అన్నయ్యా. బస్సులో దారంతా ఏడ్చా. పక్క సీటాయన తన రుమాలు ఇచ్చాడు, అదీ తడిసిపోయింది. ఇంతా చేసి నీకేం కాలేదా!”

“నేను విమర్శించాను. అది ఈ అమ్మాయి ఇలా రాసింది.”

“ఎవర్ని విమర్శించావు?”

“వంతెనని.”

“మనుషులు అయిపోయారన్నమాట,” అంది చెల్లెలు.

కామా కిటికీలోంచి వీధివైపు చూస్తూ నిలబడింది. నవ్వు వస్తోంది, కానీ ఆ ఇంట్లో నవ్వే అర్హత తనకు లేదని తెలుసు. పెద్దావిడ వచ్చి, “వదినా అని ఒక్కసారి పిలవకుండా ఇన్నేళ్లు ఎలా ఉన్నావే తల్లీ,” అని ఆడపడుచును లోపలికి తీసుకెళ్లి అన్నం పెట్టింది. కామాకు కూడా పెట్టింది. వద్దంటే, “గేటు కాపలా కాసినవాళ్లకి పెట్టకపోతే ఎలా?” అంది.

భోజనాలయ్యాక ఇంజినీరు గారు నడుం వాల్చారు. ఎండ కొడుతోందని పరదాలు లాగేశారు. చెల్లెలు మంచం పక్కన ముక్కాలిపీట మీద, వాచిన కళ్లతో కూర్చుంది. కామా వంటింట్లో మంచినీళ్లు పట్టుకుంటోంది. గేటు దగ్గర చెప్పేవాళ్లెవరూ లేని ఆ కాస్త సమయంలోనే ఇప్పటి చీఫ్ ఇంజినీరు వచ్చాడు.

ఒకప్పుడు పెద్దాయన చేతికింద పని నేర్చుకున్నవాడు. తెరిచిన తలుపులోంచి నేరుగా గదిలోకి వచ్చి, పరదాలు చూశాడు, మూసిన కళ్లు చూశాడు, చెల్లెలి ముఖం చూశాడు. ఇక ఎవర్నీ ఏమీ అడగలేదు. మంచం అంచున కూర్చుని పెద్దాయన చేయి పట్టుకున్నాడు.

“సార్, మీకు వినిపిస్తోందో లేదో. మీరన్నదే నిజం సార్. బేరింగులు పోయాయి. వానలకు ముందు నేను కింద దిగి నా కళ్లతో చూశాను. పైవాళ్లకి చెబితే, ముందు దీపాల సంగతి చూడవయ్యా అన్నారు. నేను నోరెత్తలేదు. ఈ ముక్క మీతో అనకుండా మిమ్మల్ని పంపించేస్తే నాకు జన్మలో నిద్రపట్టదు.”

గ్లాసుతో గుమ్మంలోకి వచ్చిన కామా అక్కడే ఆగిపోయింది.

పెద్దాయన కళ్లు తెరవలేదు. “ఏ స్తంభాల మీద?” అన్నారు.

“మూడు, నాలుగు సార్.”

“ఐదు చూశావా?”

“లేదు సార్. చీకటి పడింది.”

పెద్దాయన కళ్లు తెరిచి, లేచి కూర్చున్నారు. “ఐదు చూడకుండా పైకి ఏమని చెప్పావురా?”

చీఫ్ ఒక్క ఉదుటున లేచి గోడకు కొట్టుకున్నాడు. ఆయన్నీ, చెల్లెల్నీ, గుమ్మంలోని మనిషినీ మార్చి మార్చి చూశాడు. “సార్... పేపర్లో... విషమమని...”

“క్రిటికల్ అంటే రెండర్థాలండీ,” అంది కామా. పొద్దుటినుంచీ అలవాటైన నోరు, దానంతటదే అనేసింది.

“మీరెవరు?”

“ఆ పేపరు.”

చీఫ్ మళ్లీ కూర్చున్నాడు. కామా గ్లాసు అందిస్తే గటగటా తాగేశాడు. తాగాక, ఎవరివైపూ చూడకుండా, “ఇది రాయకండి. నేను పోయే మనిషితో చెప్పుకున్న మాట,” అన్నాడు.

“నేను పోవట్లేదు. అందులో నా తప్పేం లేదు,” అన్నారు పెద్దాయన.

ఇన్నేళ్లుగా వేరేవాళ్లు తెచ్చిన వార్తలను కత్తిరించడమే తప్ప, వార్త ఇలా ఎదురుగా కూర్చుని చెమటలు తుడుచుకోవడం కామా ఎప్పుడూ చూడలేదు. “ఈ సార్ అన్నది మాత్రం రాస్తానండీ. నిన్న రాయాల్సిందే అది. మీ మాట మీరు ఇస్తేనే రాస్తాను,” అంది. అన్నాక, ఇంత మెత్తగా అడిగితే ఎవరిస్తారని తనకే అనిపించింది.

చెల్లెలు ముక్కాలిపీట మీదినుంచి లేచింది.

“చూడండి బాబూ. నేను పొద్దున్న ఆ వంతెన మీదనుంచే వచ్చా. బస్సు కిటకిటలాడుతోంది. తిరుగు బస్సు సాయంత్రం. అదీ దానిమీదనుంచే పోతుంది. ఎక్కనా, మాననా? మీరే చెప్పండి.”

చీఫ్ ఖాళీ గ్లాసును తిప్పుతూ కూర్చున్నాడు. పెద్దాయన నోరు తెరవబోతే చెల్లెలు చేయి అడ్డం పెట్టింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుని వెళ్లిపోయారు.

“ఎక్కొద్దమ్మా,” అన్నాడు చివరికి.

“ఆ మాట రాసుకోవచ్చా?” అంది కామా.

అతను తలూపాడు. తర్వాత, తల ఊపడం చాలదనుకున్నాడో ఏమో, “రాసుకోండి,” అని పైకి కూడా అన్నాడు.

ఆమె ఆఫీసుకు చేరేసరికి న్యూస్ ఎడిటర్ టీ తాగుతున్నాడు. “సవరణ ఎన్ని లైన్లు?” అన్నాడు.

“మూడు కాలమ్‌లు సార్.”

ఆయన కప్పు కింద పెట్టాడు. ఆమె రాసి ఇచ్చింది పూర్తిగా చదివి, చీఫ్‌కు తనే ఫోన్ చేసి ప్రతి ముక్కా మళ్లీ అడిగి రూఢి చేసుకున్నాడు. వార్త మొదటి పేజీకి వెళ్లింది. ఆరో పేజీలో చిన్న సవరణ కూడా వేశారు: ‘మాజీ చీఫ్ ఇంజినీరు పరిస్థితి విషమంగా ఉందని నిన్న పొరపాటున ప్రచురించాం. ఆయన వంతెన నిర్వహణను విమర్శించారు. ఆయన ఆరోగ్యం బాగానే ఉంది.’

మర్నాడు పొద్దున్నే పెద్దాయన ఫోన్ చేశారు. “‘బాగానే’ ఏమిటమ్మాయ్? ఏదో లాగించేస్తున్నాడని అర్థం రాదూ? ‘బాగుంది’ అంటే సరిపోయేది. ఆ ‘నే’ దేనికి?”

ఆమె ఫోన్ పెట్టేశాక ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది.

మధ్యాహ్నానికి వంతెన మూసేశారు. ఊరు ఊరంతా ఒంటికాలి మీద లేచింది. అవతలికి పోవాలంటే ఎగువన ఉన్న పాత ఆనకట్ట మీదుగా, గుంతల రోడ్డున, చుట్టూ తిరిగి పోవాలి. కూరగాయల వ్యాన్లు, బడి బస్సులు, పెళ్లివారు, అందరూ అదే దారిన పడ్డారు. ఆ పెద్దాయనకు ఊరికే ఉండలేక నోటి దురద అని తిట్టారు. నిన్నటిదాకా ఆయన కోసం కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. తర్వాత, కింద దిగి చూసినవాళ్లు ఐదో స్తంభం మీదివి మరీ అధ్వానంగా ఉన్నాయని తేల్చారు. దాంతో తిట్లు తగ్గాయి. పూర్తిగా ఆగలేదు.

కామా ఇల్లూ అవతలి ఒడ్డునే. ఆ వారం ఆమె రోజూ ఆటోలు మారుతూ ఆఫీసుకు ఆలస్యంగా వచ్చింది.

“ఎందుకింత లేటు?” అన్నాడు న్యూస్ ఎడిటర్ ఒకరోజు.

“వంతెన మూసేశారు కదా సార్.”

“ఎవరు మూయించారు?”

“మనమే సార్.”

“ఊఁ,” అని ఆయన తన పనిలో పడ్డాడు. ఆమెకు అది మెచ్చుకోలుగానే వినిపించింది.

చెల్లెలు అన్నగారింట్లోనే ఉండిపోయింది. చుట్టు దారిన బస్సులు ఇంకా వేయలేదు. కామా ఒక ఆదివారం కూతుర్ని వెంటబెట్టుకుని వాళ్లను చూడబోయింది. ఈసారి బత్తాయిలు తేలేదు. వీధి మలుపు తిరగకముందే గొంతులు వినిపించాయి. చెల్లెలు ఆరేసిన బట్టలకు క్లిప్పులు తప్పుగా పెట్టిందని అన్న అంటున్నారు. క్లిప్పుల్లో తప్పొప్పులేమిటని చెల్లెలు అంటోంది. పెద్దావిడ వరండాలో కుర్చీలో తీరిగ్గా కూర్చుని ఉంది. మొదటిసారి చూసినప్పటికన్నా ముఖం తేరుకుంది.

“ఇప్పుడు ఆయన మాటలన్నీ ఆవిడకే పోతున్నాయమ్మా,” అంది గొంతు తగ్గించి. “నాకు మధ్యాహ్నం పూట నిద్ర పడుతోంది.”

ఆ మాట అంటుండగానే గేటు ముందు దుమ్ముకొట్టుకుపోయిన ఒక కారు ఆగింది. అందులోంచి నడుం పట్టుకుంటూ దిగినాయన చెల్లెలి భర్త. భార్యను తీసుకెళ్లడానికి వచ్చాడు. మెట్ల గొడవ తర్వాత ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. చెల్లెలు చేతిలోని క్లిప్పు చేతిలోనే ఉండిపోయింది.

ఇంజినీరు గారు బావమరిదిని, కారును, కారు చక్రాలను చూశారు.

“ఎంతసేపు పట్టింది?”

“పొద్దున్న బయల్దేరా.”

“రోడ్డెలా ఉంది?”

“అదో రోడ్డా బావా!” అన్నాడాయన, ఆ ప్రశ్న కోసమే దారంతా ఎదురుచూసినట్టు. “ఆనకట్ట దాటాక ఒక మలుపుంది. దానికి వాలు ఎటు ఇవ్వాలో అటు ఇవ్వలేదు. అసలు అది వేసినవాడికి...”

“బయటివైపు వాల్చాడా?”

“బయటివైపే!”

“నేను ఆనాడే చెప్పాను. కూర్చో, కూర్చో. కంకర ఏ సైజు వాడాడు?”

ఇద్దరూ వరండా అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు. కామా కూతురు తెచ్చుకున్న డ్రాయింగు పుస్తకంలోంచి ఒక కాగితం చింపించి, దాని మీద మలుపు గీశారు. ఒకరు గీసిన గీతను ఇంకొకరు దిద్దారు. కాంట్రాక్టర్‌ను తిట్టారు, కాంట్రాక్టర్‌కు పని ఇచ్చినవాళ్లను తిట్టారు, కాలవల సంగతి ఎత్తుకున్నారు.

చెల్లెలు లోపలికి వెళ్లి చీర మార్చుకుని, బ్యాగు సర్దుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. వాళ్లిద్దరూ తలెత్తలేదు. ఆమె కాసేపు చూసి, కామాను పక్కకు జరగమని, బ్యాగు మళ్లీ లోపల పెట్టేసి వచ్చి, టీకి నీళ్లు పెట్టింది.